రోజూ వేసుకునే మాత్ర ఏదైనా ఉందా?

పెందుర్తి, సబ్బవరం, చినముషిడివాడల నుంచి మందుల షాపుల వారు షట్టర్లు దించి మరీ వచ్చారు. డిసెంబరు 1, ఎయిడ్స్ దినం కాబట్టి హెచ్‌ఐవీ మందుల గురించి చెప్పమన్నారు. మందు వేళ, ఒక మందుకు ఇంకొకటి గిట్టకపోవడం, పరీక్షలు: మూడు ముక్కలూ చెబుతాను.

అసలు ఇది మన ఊరి మందండీ. పరవాడ ఫార్మా సిటీ ఎంత దూరం? అక్కడ లారస్ కంపెనీ వాళ్లు ఈ మందుల బల్క్ డ్రగ్ తయారుచేసి దేశదేశాలకు పంపుతున్నారు. 2001లో సిప్లా కంపెనీ హమీద్ గారు హెచ్‌ఐవీకి వాడే మూడు మందులూ కలిపి మనిషికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానన్నారు. అప్పటికి విదేశాల్లో వాటి ఖరీదు పదివేల డాలర్ల పైమాటే. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో స్టావుడిన్ వాడినవాళ్లకు బుగ్గలు పీక్కుపోయేవి, అరికాళ్లు మండేవి. ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ మూడూ ఒకే మాత్రలో. రోజుకొకటి, అంతే.

మంచి మందే. కానీ దానికి గిట్టనివి మన షాపుల్లో ముందు వరసలోనే ఉన్నాయి.

నేను ఏఆర్‌టీ సెంటర్లో హెచ్‌ఐవీ మందులిచ్చే కిటికీ దగ్గర ఉన్న రోజుల్లో ఒకావిడ వచ్చేది. అంతకుముందు పరీక్షలో కనబడని వైరస్ మళ్లీ కనబడింది. మాత్ర మానేస్తోందని అందరి అనుమానం. పిల్లల మీద ఒట్టేసింది, మానలేదని. “ఆ మాత్రతో పాటు ఇంకేటి ఏసుకుంటన్నావమ్మా?” అన్నాను. సంచీ బోర్లించింది. మాత్రల డబ్బా మీద లేబుల్ గీకేసి ఉంది. బస్సులో గలగలమనకుండా లోపల దూది కుక్కింది. దాని పక్కనే గ్యాస్ సిరప్పు, మోకాళ్లకని కాల్షియం బిళ్లలు. పొద్దున్నే పరగడుపున మూడూ ఒకేసారి! సిరప్పులోని అల్యూమినియం, మెగ్నీషియం, ఆ కాల్షియం పేగులోనే డోలుటెగ్రవిర్‌ను పట్టేసుకుంటాయి. ఇక రక్తంలోకి వెళ్లేదెంత? ఎవరిచ్చారమ్మా అంటే, “షాపులో కుర్రోడు, బాబూ.” వేళలు మార్చాం. తర్వాతి పరీక్షకి వైరస్ మళ్లీ అణిగింది.



ఆ కుర్రాడు ఒక్క మాట అడిగి ఉంటే? అడగడు. పూర్వం కాంపౌండరుకి ఎవరింట్లో ఎవరేం మింగుతున్నారో తెలిసేది. ఇప్పుడు బయట ఇరవై శాతం డిస్కౌంటు బోర్డు, లోపల గోడకి ఫార్మసిస్టు సర్టిఫికెట్టు. సర్టిఫికెట్టు ఇక్కడ, మనిషి హైదరాబాదులో! నవ్వుతున్నారు. నవ్వనివాళ్లెవరో కూడా చూశాను.

ఆవిడ మాత్రం షాపులో ఎలా చెబుతుంది, లేబులే గీకేసిన మనిషి? 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. మనకి రోగం పేరెందుకసలు? గ్యాస్ మందు, కాల్షియం, ఐరన్ అడిగిన ప్రతివాళ్లనీ ఒకటే అడగండి: “రోజూ వేసుకునే మాత్ర ఏదైనా ఉందా?” కరణం గారినీ అడగండి, కూలీనీ అడగండి. “ఉంది” అంటే చాలు. “ఆ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత సిరప్పు తాగండి. సిరప్పు ముందు తాగేస్తే మాత్రకి ఆరు గంటలు ఆగండి. ఆ మాత్ర ఇచ్చిన చోట కూడా ఒకసారి అడగండి” అని చెప్పి పంపండి. కాల్షియం, ఐరన్ అయితే భోజనంతో పాటు డోలుటెగ్రవిర్‌తో కలిపి వేసుకోవచ్చు. పరగడుపున మాత్రం వద్దు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. మిగతావి గబగబా. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రవిర్ రెండు పూటలా కావాలి. అది డాక్టరే రాస్తారు. ఈ మాత్ర వాడేవాళ్లకి షుగరు మందు మెట్‌ఫార్మిన్ రోజుకి వెయ్యి మిల్లీగ్రాములు దాటితే డాక్టరు దగ్గరికి పంపండి. టెనోఫోవిర్‌కి కిడ్నీ పరీక్ష ఉండాలి. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లు ఈ మాత్ర హఠాత్తుగా ఆపితే కాలేయం దెబ్బతింటుంది. మరిచిపోయిన మాత్ర గుర్తురాగానే వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. వేళ సంగతి అదే అనుకోండి. ఇంకేమైనా ఉంటే భోజనాల దగ్గర అడగండి, అక్కడే ఉంటాను.