రాచపుండు - పల్లెకు చేరని పరీక్ష
(పఠనమందిర సభయందు గావించిన ఉపన్యాసము)



రాచపుండు పేరు వినినంతనే మనవారు నోరు మూసికొందురు. పైకి చెప్పిన పరువు పోవునని దాచుదురు. దాచిన దినములలోనే వ్యాధి ప్రాకును. భారతదేశమున 2022వ సంవత్సరమందు సుమారు 14 లక్షలమంది క్రొత్తగా ఈ క్యాన్సరు వాత బడిరనియు, 9 లక్షలమందికి పైగా మృతి నొందిరనియు అంచనా.

దేశము చేతులు ముడుచుకొని కూర్చున్నదని మేము అనజాలము. 1941లో బొంబాయియందు టాటా స్మారక వైద్యశాల వెలసెను. సోదరిని ఈ వ్యాధికి కోల్పోయిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పట్టుదలవలన 1954లో చెన్నపురి అడయారునందు 12 పడకలతో క్యాన్సరు సంస్థ నెలకొనెను. 1975లో జాతీయ క్యాన్సరు నివారణ కార్యక్రమ మారంభమయ్యెను. పేదల చికిత్స వ్యయమును భరించుటకు మన రాష్ట్రమున 2007లో ఆరోగ్యశ్రీయు, దేశమంతటికి 2018లో ఏటా కుటుంబమునకు 5 లక్షల రూపాయలవరకు నిచ్చు ఆయుష్మాన్ భారత్ పథకమును వచ్చినవి. ఇవి కొనియాడదగినవే.

ఐనను ఈ ధనము ప్రధానముగా రోగి ఆస్పత్రి చేరిన పిదప వ్యయమగుచున్నది. వ్యాధి ముదరకమునుపే కనిపెట్టు మార్గమేది? 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయ ముఖపరీక్ష ఒక్కమారైనను చేయించుకొన్నవారు నూటికి 1.9 మంది, నోటిపరీక్ష చేయించుకొన్నవారు 0.9 మంది. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట యనగా నిదియే.

పరీక్ష కష్టతరమా? బొంబాయి మురికివాడలలో 1998 మొదలు సుమారు లక్షన్నరమంది స్త్రీలతో టాటా వైద్యులు ఒక ప్రయోగము జరిపిరి. పదవ తరగతి చదివిన స్త్రీలకు కొలది వారముల శిక్షణ నిచ్చి, వెనిగరులోని పులుపువంటి పలుచని ఆమ్లమును పూసి, తెల్లబారిన భాగమును కంటితో గుర్తించు విధము నేర్పిరి. పరీక్షింపబడిన వర్గమున ఆ క్యాన్సరు మరణములు నూటికి 31 వంతులు తగ్గినవని 2013లో వెల్లడియయ్యెను. ఇందు గొప్ప యంత్రము లేదు. పరీక్షయందు తేలినవారికి వెంటనే ఉచితచికిత్స లభించుటయు ఈ ఫలమునకు కారణము.

మన తీరము సంగతి చూడుడు. శ్రీకాకుళ ప్రాంతమున చుట్ట నిప్పును నోటిలోపల నుంచి త్రాగు అడ్డపొగ అలవాటు పేదస్త్రీలలో చిరకాలముగా వచ్చినది. దానివలన అంగిలియందు పుండు పుట్టును. 1971లో ప్రకటితమైన పరిశోధనయందు పండితులు అచ్చటి 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించిరి. అంగిలిని చూచుటకు దీపమును, నేర్చిన కన్నును చాలును. అవి నగరము దాటి రాకున్నచో, పేదరాలు కూలి మాని, బస్సు ఛార్జీకి అప్పుచేసి, మ్రింగుట కష్టమైన పిదపనే వైద్యుని జూచును.

కావున మేము కోరునది స్పష్టము. ప్రతి ఉపకేంద్రమునందు పరీక్షాదినము నియతముగా నుండవలెను. తేలినవారిని పట్టణమునకు గొనిపోయి, చికిత్స ముగియువరకు విచారించు బాధ్యత ఒకరిపై నుంచవలెను. ఎందరిని పరీక్షించిరో, ఎందరి చికిత్స పూర్తియయ్యెనో ఏటేట జిల్లావారీగా ప్రకటింపవలెను. పఠనమందిరములవారు ఆ లెక్కను అడుగుచుండవలెను; తమ యింటి స్త్రీలతోనే పరీక్ష నారంభింపవలెను. స్వరాజ్యము సంపాదించిన జాతికి ఈ పాటి పని భారము కాదు.