వీరానికి మూలం ఉత్సాహం

ఈ రోజు పట్టా అందుకుంటున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

మీతో ఒక్క మాట గురించి మాట్లాడాలని వచ్చాను. ఆ మాట 'వీరం'. మన భాషలో దానికి క్షణం తీరిక లేదు. అభిమానం ముదిరితే వీరాభిమానం, బ్యాట్స్‌మన్ చెలరేగితే వీరబాదుడు, ఏదైనా మితిమీరితే 'వీర లెవెల్'. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్ లోయలో నేలకొరిగితే దాన్ని వీరమరణమన్నాం, దేశం ఆయనకు మహావీర చక్ర ఇచ్చింది. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలిని సైన్యం 'వీర్ నారీ' అంటుంది. మాట ఎవరి నోట ఎలా నలిగినా దాని బలం తగ్గలేదు. నా బెంగ వేరే ఉంది. తెరమీదా ఫోన్లోనూ మీకు కనిపించే వీరుడు ఎప్పుడూ కళ్ళెర్రజేసే ఉంటాడు. చూసి చూసి, కోపమే వీరమన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. మన పెద్దలు అలా అనుకోలేదు.

నాట్యశాస్త్రంలో భరతుడు ప్రతి రసానికీ ఒక స్థాయిభావం, అంటే మూలమైన భావం, చెప్పాడు. కోపం నుంచి పుట్టేది రౌద్రం. వీరం పుట్టేది ఉత్సాహం నుంచి. ఆ ఉత్సాహాన్ని రగిలించేవేమిటో ఆయనే వరసగా చెప్పాడు. మొదటిది అసమ్మోహం, అంటే కంగారు పడకుండా ఉన్నదున్నట్టు చూడగలగడం. తర్వాత అధ్యవసాయం, పట్టుకున్న పని విడవకపోవడం. ఆపైన నయం, అంటే ఆలోచించి నడుచుకునే నీతి, దాని వెంట వినయం. బలం, పరాక్రమం ఆ తర్వాతే వచ్చాయి. వీరుడి లక్షణాల్లో వినయాన్ని బలం కంటే ముందు చెప్పిన ఆ వరస చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

యుద్ధవీరుడితో పాటు దానవీరుణ్ణి, ధర్మవీరుణ్ణి భరతుడే గుర్తించాడు. తర్వాతివాళ్ళు దయావీరుణ్ణి చేర్చారు. పదిహేడో శతాబ్దంలో షాజహాన్ కొలువులో ఉన్న మన తెలుగువాడు జగన్నాథ పండితరాయలు అక్కడా ఆగలేదు. ఈ లెక్కన సత్యవీరుడు, క్షమావీరుడు, పాండిత్యవీరుడు కూడా ఉంటారని రసగంగాధరంలో వాదించాడు. పాండిత్యవీరుడు! చదువులో, వాదంలో వెనకడుగు వేయనివాడు. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళకు ఇంతకంటే దగ్గరి బంధువు ఇంకెవరున్నారు?

అలాంటి చదువరి ఒకాయన గురించి కొంచెం తీరిగ్గా చెప్తాను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ఎడింబరోలో ఎం.ఏ. చేసి వచ్చి పాఠాలు చెప్పుకుంటున్న మనిషి. చీరాల, పేరాల ఊళ్ళను కలిపి 1919లో ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. చేనేత మీద, చిన్న చిన్న వ్యాపారాల మీద బతికే జనం, ఎక్కడినుంచి తెస్తారు? మాకీ మునిసిపాలిటీ వద్దన్నారు. ప్రభుత్వం వినలేదు. కొందరు జైలుకు వెళ్ళారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు, అహింస తప్పకుండా నిలబడగలిగితే ఊరు వదిలి హద్దులు దాటిపోవడం ఒక దారి అన్నారు.

వాళ్ళు నిజంగానే ఊరు వదిలేశారు. ఇళ్ళకు తాళాలు వేసి, సామాన్లు బళ్ళకెత్తుకుని, ముసలివాళ్ళనూ పసిబిడ్డల్నీ వెంటబెట్టుకుని మునిసిపల్ హద్దుల అవతల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామ్‌నగర్ అని పేరు పెట్టారు. గోపాలకృష్ణయ్య గారి వాలంటీర్ల దళం పేరు రామదండు. నడి ఎండాకాలం పాకల్లోనే గడిచింది. వానలు వచ్చాయి, చలికాలం వచ్చింది. పిలిస్తే వినపడేంత దూరంలో సొంత ఇళ్ళున్నాయి, అందులో అడుగు పెట్టలేదు. దాదాపు పదకొండు నెలలు! ఒక పూట ఆవేశపడటం ఎవరికైనా సాధ్యమే. పదకొండు నెలలు కోపంతో కాపురం చెయ్యలేం. అధ్యవసాయమని భరతుడన్నది దీన్నే.

ఈలోగా గోపాలకృష్ణయ్య గారిని జైల్లో పెట్టారు. డబ్బు కరువైంది. చివరికి అనుకున్నది చేతికి రాకుండానే జనం పాత ఇళ్ళకు తిరిగి రావలసి వచ్చింది. ఆయన 1928లో, నలభయ్యేళ్ళైనా నిండకుండా క్షయతో పోయారు. ఫలితం చూసి కొలిస్తే ఇది ఓటమే. కానీ వీరమన్న మాట ఫలితాన్ని అడగదు. పల్నాటి బాలచంద్రుడు కారంపూడి యుద్ధభూమి నుంచి తిరిగి రాలేదు, అయినా అక్కడ ఏటా వీరారాధన జరుగుతూనే ఉంది. ఉద్యోగం మొదటి ప్రయత్నంలో రాకపోతే మీలో కొందరు కుంగిపోతారని నాకు తెలుసు, అందుకే ఇంత వివరంగా చెప్పాను.

గోపాలకృష్ణయ్య గారు పెద్ద చదువరి. పాలకుర్తి చాకలి ఐలమ్మ అసలు బడికే వెళ్ళలేదు. కౌలుకు తీసుకున్న నాలుగెకరాల్లో పండించిన వడ్లు తనవే అని విసునూరు దేశ్‌ముఖ్ ఎదుట నిలబడి అన్నది. పంట కోసుకుపోవడానికి అతని మనుషులు వస్తే ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు తరిమేసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. కులం, ఆడతనం, పేదరికం, ఇన్ని బరువుల కింద ఆమె పట్టుబట్టింది తన చేతి కష్టం కోసం. ఈనాడు హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరే ఉంది, 'వీరనారి' బిరుదుతో సహా.

చివరగా మీకో పని అప్పజెప్తాను. రాయలసీమలో, తెలంగాణలో చాలా ఊళ్ళ పొలిమేరల్లో వీరగల్లులున్నాయి. ఊరి పశువుల్ని తోలుకుపోతున్న దొంగల్ని అడ్డుకుని చనిపోయినవాళ్ళ కోసం, ఊరిని కాపాడబోయి పడిపోయినవాళ్ళ కోసం నిలిపిన రాళ్ళవి. కొన్నిటిమీద కింద పోరాటం, దానిపైన వీరుణ్ణి మోసుకుపోతున్న అప్సరసలు, అన్నిటికంటే పైన శివలింగం చెక్కి ఉంటాయి. ఆ వీరుల్లో రాజులు తక్కువ, మీ మా ఊళ్ళ మామూలు మనుషులే ఎక్కువ. చెట్ల కింద, కాలవ గట్లమీద ఈ రాళ్ళెన్నో పడి ఉన్నాయి, రోడ్లు వేసేటప్పుడు కొన్ని పగిలిపోతున్నాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో వీరగల్లు ఉందేమో పెద్దవాళ్ళనడగండి. కనిపిస్తే రంగులు పూయకండి, కదిలించకండి. ఫొటో తీసి, అక్షరాలుంటే అవి కూడా దగ్గరగా తీసి, మీ చరిత్ర విభాగానికో పురావస్తు శాఖకో పంపండి. ఎక్కడ దొరికిందో ఊరు, మండలం తప్పకుండా రాయండి.