శిఖరము - తిరుగుదారి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రములోని ప్రవరుని కథ చదివినవారికిని, విన్నవారికిని తెలిసినదే. అరుణాస్పదపుర వాసియైన ఆ గృహస్థుడు సిద్ధుడొకడు ఇచ్చిన పసరును పాదములకు పూసికొని హిమాలయము చేరెను. వింతలన్నియు కన్నులార చూచెను. ఇంటికి మరలబోవు వేళకు పసరు మంచునీట కరిగిపోయి యుండెను. పోవు విధము తెలిసినది, వచ్చు విధము తెలియదు. వెంట దారి యెరిగినవాడు ఒక్కడును లేడు. అతనికి కలిగిన చిక్కులన్నింటికి మూలము ఇదియే. కొండ యెక్కదలచినవారికి ఇంతకు మించిన హెచ్చరిక అక్కరలేదు.

హిమాలయ శిఖరములలో మిన్నయైన ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు. 2020లో నేపాలు, చైనా దేశములు కలిసి ప్రకటించిన లెక్క యిది. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమార్ ఆ శిఖరముపై నిలిచిరి. తెలంగాణ రాష్ట్రావతరణకు అప్పటికి ఎనిమిది దినములే మిగిలియున్నవి. పూర్ణకు అప్పుడు 13 సంవత్సరముల 11 నెలలు. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకులములలో చదువుకొనుచున్నవారు. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు.

ఈ పిల్లలకు పసరు పూసి పంపినవారెవరును లేరు. శేఖర్ బాబు అను శిక్షకుని చేతిక్రింద మొదట భువనగిరి బండపై త్రాళ్లు పట్టుకొని ఎక్కుటయు దిగుటయు అభ్యసించిరి. పిమ్మట డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థలో శిక్షణ పొందిరి. ఆ తరువాత లడఖ్ చలికి ఓర్చుకొనుట నేర్చిరి. డార్జిలింగు సంస్థ పుట్టుక గమనింపదగినది. 1953 మే 29న హిల్లరీతో కలిసి మొదట ఎవరెస్టు ఎక్కిన టెన్సింగు, 1954లో ఆ సంస్థ నెలకొన్నప్పుడు అచ్చట క్షేత్రశిక్షణకు అధిపతి ఆయెను. దారి యెరిగినవాని విద్య పాఠశాలగా మారి పిల్లలకు అందినది.

నేపాలు ప్రభుత్వము పదునారేండ్లు నిండనివారికి అనుమతి నీయదు. కావున వారు టిబెట్టు వైపునుండి ఎక్కిరి. యాత్ర 52 దినములు సాగినది. ఇంత కాలమెందుకని అడుగవచ్చును. పైకి పోయినకొలది గాలి పలుచనగును. శిఖరముపై లభించు ప్రాణవాయువు సముద్రతీరమున లభించుదానిలో మూడవవంతు మాత్రమే. అందుచేత పై మకామునకు ఎక్కి, మరల క్రింది మకామునకు దిగి నిద్రించవలెను. ఇట్లు పలుమార్లు చేయగా రక్తములో ఎర్రకణములు పెరిగి దేహము అలవాటుపడును. తొందరపడినవానికి తలనొప్పి, వాంతి మొదలై, ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరి ప్రాణము మీదికి వచ్చును. దానికి మొదటి మందు క్రిందికి దిగుటయే.

గోదావరిఖని, రామగుండము ప్రాంతములవారికి ఈ మాట సులభముగా బోధపడును. బొగ్గుబావిలో షిఫ్టు మొదలుకాకమునుపే సర్దారు లోపలికి పోయి పని స్థలము పరీక్షించును. కప్పును కర్రతో తట్టి శబ్దము వినును. డొల్లగా పలికిన కప్పును నమ్మడు. చెడుగాలి కలదేమో చూచును. అపాయమున్నచో ఎంత బొగ్గు మిగిలియున్నను కార్మికులను వెలుపలికి పంపును. వెనుకటి రోజులలో గాలి చెడినదని నూనెదీపపు మంట చిన్నబోయి తెలిపెడిది. కొండపై మార్గదర్శికి వెంటనున్నవాని ముఖము, నడక, మాట ఇవియే దీపములు. మాట తడబడినను, అడుగు తప్పినను అతడు మరలుమనును. ఆ మాటకు ఎదురాడరాదు.

మార్గదర్శుల ప్రాణములకును వెల కలదు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టుకు నేపాలు వైపున మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ పర్వత కార్మికులు మరణించిరి. ఇతరుల కొరకు బరువులు మోయుచు, దారి సిద్ధపరచుచు పోయినవారు వారు. శిఖరముపై తీసిన చిత్రములో కానరాని ఇట్టివారి చెమట ప్రతి విజయమునందును కలదు. బొగ్గు వెలుగులో దీపము వెలిగించుకొనువారు బావిలోనివానిని తలచుకొనవలసినట్లే, శిఖరమును పొగడువారు షేర్పాలను తలచుకొనవలెను.

మార్గదర్శియు గడియారమును మరువరాదు. ఎవరెస్టుపై మధ్యాహ్నము ఒంటిగంటకో రెండుగంటలకో, శిఖరము చేరకున్నను మరలవలెనని నియమము పెట్టుకొందురు. 1996 మే 10న కొందరు రెండుగంటలు దాటిన పిదప శిఖరము చేరిరి. అంతలో తుపాను కమ్ముకొనెను. ఆ రెండు దినములలో ఎనమండుగురు మరణించిరి. వారిలో అనుభవజ్ఞులైన మార్గదర్శులును ఉండిరి.

నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను 172 దినములలో ఎక్కిన మహాసాహసి. ఆయన 2015 మార్చి 24న దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో ఒంటరిగా బయలుదేరి తిరిగి రాలేదు. ఏప్రిల్ 3న ఆయన దేహము కనబడెను. ఆయన నేర్పును శంకించుట తగదు. అంతటి నేర్పరికిని ఆకాశము మాట యియ్యదని మాత్రము గ్రహింపవలెను.

పూర్ణ 2022లో అమెరికాలోని డెనాలి శిఖరమెక్కి ఏడు ఖండముల యాత్ర ముగించెను. ఆమె కథ విని ఈ ప్రాంతపు పిల్లలును కొండ లెక్కుదుమందురు. తల్లిదండ్రులు భయపడి కాదనవద్దు, మురిసిపోయి ఊరకయు పంపవద్దు. మూడు ప్రశ్నలడుగుడు. వెంట వచ్చు దారి యెరిగినవాడెవడు? మరలవలసిన వేళ యేది? వలదని చెప్పు అధికారమెవరిది? వీనికి సరియైన జవాబు దొరికినచో దీవించి పంపుడు. దొరకనిచో, ఓషధులకు పేరొందిన రామగిరి ఖిల్లాకైనను పంపవద్దు.

దిగినవారందరును పైకి వచ్చి దీపము లప్పగించిన తరువాతనే బావిలో షిఫ్టు ముగిసినట్లు. ఎక్కినవారందరును ఇంటి గడప తొక్కిన తరువాతనే కొండ యెక్కినట్లు.