మనసు బలం మీద ఒక మాట

మన చెవిటికల్లు వైపు మిర్చి ధర పడిపోయిన ఏడు, ఒకేలా నష్టపోయిన ఇద్దరు రైతుల్లో ఒకరు కుంగిపోతారు, ఇంకొకరు మళ్లీ విత్తనానికి బయల్దేరతారు. ఆ రెండోవారి మనసుకు బలం ఎక్కడిది?

ఇలాంటి బలం కన్నా మనస్తత్వ శాస్త్రం చాలాకాలం మనసు జబ్బుల మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. 1998లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం అధ్యక్షుడు మార్టిన్ సెలిగ్‌మన్, ఆశ, ధైర్యం, కృతజ్ఞతలనూ పరిశోధించాలని పిలుపునిచ్చారు. ఆ శాఖే పాజిటివ్ సైకాలజీ.

దీనికి దగ్గరి దారిలో నడిచిన తెలుగువారు ఆచార్య కోనేరు రామకృష్ణారావు. 1932లో పుట్టారు. అమెరికాలో పారాసైకాలజీ పరిశోధకుడు జె.బి. రైన్ వద్ద పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ శాఖకు పునాది వేశారు. అతీంద్రియ శక్తులపై ఆయన పరిశోధనలను శాస్త్రలోకంలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. అయితే యోగం, ధ్యానం, చైతన్యం గురించి మన సంప్రదాయం చెప్పినదాన్ని మనస్తత్వ శాస్త్రంలోకి తేవడం ఆయన గట్టి కృషి. 2008లో వచ్చిన భారతీయ మనస్తత్వ శాస్త్ర సంపుటికి ముగ్గురు సంపాదకుల్లో ఆయన ఒకరు. 2011లో పద్మశ్రీ అందుకున్నారు. 2021లో కన్నుమూశారు.

సెలిగ్‌మన్ బృందం మనసు బలం కోసం పరీక్షించిన చిన్న అభ్యాసం ఒకటుంది. ప్రతి రాత్రీ ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు, అవి ఎందుకు జరిగాయో రాసుకోవాలి. కష్టాన్ని దాచుకుని నవ్వమని దీని అర్థం కాదు. దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే డాక్టరును కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి. ఆ సేవ ఉచితం.