చేపతో ఫోటో
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో చేపల సంగతేమిటని నవ్వుతున్నారు. నవ్వండి. మన చౌడేపల్లె చుట్టుపక్కల చెరువులు మరవ పారిన ఏడు గాలం పట్టని రిటైరు ఉద్యోగి అరుదు. నిరుడు మనలో ఒకరు కాలం చేశారు. పటం కట్టించడానికి ఇల్లంతా వెతికితే దొరికినవి రెండే ఫోటోలు. ఒకటి పెన్షన్ కాగితాల కోసం భార్యతో కలిసి తీయించుకున్నది. అందులో ఇద్దరూ ఆడిటు ముందు కూర్చున్నట్టున్నారు. రెండవది చెరువు కట్టమీద బొచ్చె చేపతో. ఆయన నవ్వు అందులోనే ఉంది. కానీ తలగుడ్డ నీడలో ముఖం నల్లబడి, చేప మాత్రం తళతళలాడుతోంది. చివరకు మొదటిదే గోడకెక్కింది. "ఈయన మా తాత కాదు" అన్నది మనవరాలు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఎండ సంగతి. పొద్దున 8 లోపల గానీ, సాయంత్రం 5 దాటాక గానీ తీయించుకోండి. సూర్యుడు వీపు వెనుక ఉంటే ముఖం చీకటి, సరిగ్గా ఎదురుగా ఉంటే కళ్ళు చికిలిస్తాం. కాస్త పక్కగా ఉండాలి. తలగుడ్డ తీసేయండి, బట్టతలకు సిగ్గెందుకు! కళ్ళజోడు మెరిస్తే గడ్డం కొంచెం దించండి. ఫోను అద్దాన్ని పంచె చెరగుతో తుడవండి. చేప జిగురు అంటితే ఫోటో అంతా మంచు పట్టినట్టుంటుంది.

చేపను తడి చేతులతోనే పట్టాలి. ఆ జిగురే దానికి రక్ష. మొప్పల్లో వేలు దూర్చి వేలాడదీయకండి. ఒక చేయి తోక మొదట, ఒక చేయి పొట్ట కింద పెట్టి అడ్డంగా పట్టండి. తిరిగి నీళ్ళలో వదిలేదైతే మీరూ ఊపిరి బిగబట్టండి. మీకు ఆడనప్పుడు దానికీ ఆడదు. కొర్రమేను గాలి పీలుస్తుంది గనుక కొంత ఓర్చుకుంటుంది, బొచ్చె ఓర్చుకోలేదు. జిలేబి చేప వీపు ముళ్ళు గుచ్చుకుంటాయి, షుగరున్నవారు మరీ జాగ్రత్త.

కుర్రాళ్ళు చేతులు చాచి చేపను ఫోను ముందుకు నెడతారు. అద్దానికి దగ్గరైనది పెద్దగా కనబడుతుంది, అరకిలో చేప రెండు కిలోలవుతుంది. నకళ్ళు సరిచూసి సరిచూసి అరిగిన చేతులివి, లేని కొలతకు సంతకం పెట్టను. 1946లో మైసూరు వాన్ ఇంగెన్ కబిని నదిలో పట్టిన మహసీర్ 120 పౌన్లు, అంటే సుమారు 54 కిలోలు. అంతటి చేపను చేతులు చాచి పట్టమనండి చూద్దాం! మోచేతులు నడుముకు ఆనించుకోండి, చాలు.

చెరువు లీజుకు ఇచ్చి ఉంటే లీజుదారుల్ని అడిగే గాలం వేయండి. మరవ దగ్గర రాళ్ళు పాచి పట్టి ఉంటాయి. ఫోను చూస్తూ వెనక్కి అడుగు వేయవద్దు. తీసిన ఫోటోను ఫోనులోనే పడేయక పుంగనూరులోనో మదనపల్లెలోనో కాగితంపై వేయించి, వెనుక తేదీ, చెరువు పేరు రాయండి.

భోజనాలయ్యాక ఫోన్లు పట్టుకుని బయట వేపచెట్టు దగ్గరకు రండి, తీసి చూపిస్తాను. చేప దొరకలేదు, సొరకాయ తెచ్చాను. సెలవు.