హాగరును పేరుపెట్టి పిలిచిందెవరు?

ఆదికాండము 16వ అధ్యాయంలో శారయి, అబ్రాము హాగరును దాసి అంటారే గాని పేరుపెట్టి పిలవరు. ఆమె ద్వారా బిడ్డ కావాలన్నారు. ఆమె ఇష్టం అడగలేదు. పేరుపెట్టి పిలిచి, ఎక్కడనుండి వచ్చావని అడిగింది యెహోవా దూతే.

అద్దె గర్భం వ్యాపారంలోనూ అంతే. అప్పు ఆమెను తీసుకొస్తుంది, దళారి బేరం కుదురుస్తాడు, ప్రాణాపాయం ఆమెకు మిగులుతుంది. 2021 చట్టం ఈ వ్యాపారాన్ని నిషేధించింది. వైద్యం, నిర్దేశిత ఖర్చులు, 36 నెలల బీమా తప్ప సొమ్ము ఇవ్వకూడదంది. మంచిదే. కాని అప్పు ఉన్నంతకాలం దళారి దొంగచాటుగా వస్తాడు.

మనమేం చేద్దాం? మన సంఘంలో ఎవరినీ గొడ్రాలని అనకుందాం. ఆ నింద భరించలేకే కొందరు బేరానికి దిగుతారు. అప్పులపాలైన సహోదరిని పేరుపెట్టి పలకరిద్దాం, అప్పు తీరే దారి కలిసి వెదకుదాం.