కంఠధమని రక్షణము



పొగాకు దవుడ నుంచుకొను అలవాటు మన ప్రాంతమున నిప్పటికిని బోలేదు. అందువలన నోటబుట్టిన క్యాన్సరు కొందఱికి మెడగ్రంథులకు ప్రాకి, మెదడునకు రక్తము గొనిపోవు కంఠధమనిగోడను తినివేయును. అట్టిచో నొకింత రక్తము కాఱి, తనంతట నిలిచిపోవచ్చును. అది యుపశమము గాదు. రానున్న మహారక్తస్రావమునకు ముందుహెచ్చరిక. గుడ్డతో నదిమిపట్టి రోగిని తక్షణము తరలింపవలెను.

1964లో అమెరికాలోని పోర్ట్‌లాండున చార్లెసు డాటరు, కాలు తీయించుకొన నొల్లని 82 ఏండ్ల వృద్ధురాలి ధమనిని గొట్టముతో లోపలనుండియే తెఱచెను. ఆ మార్గముననే నేడు తొడమూలమునుండి సన్నని గొట్టమును బంపి, చిల్లిపడినచోట తొడుగుగల స్టెంటు నుంతురు. కొన్నియెడల, రెండవప్రక్క రక్తము మెదడునకు చాలునని పరీక్షించి, ఆ ధమనినే మూయుదురు. ఇది క్యాన్సరును మాన్పదు, పక్షవాతభయమును గలదు. అయినను ప్రాణము నిలిపి చికిత్సకు వ్యవధి నిచ్చును.

ఆలూరి రోగి మొదట కర్నూలు, అవసరమైనచో హైదరాబాదో బెంగుళూరో చేరవలెను. బీదకుటుంబమునకు అర్ధరాత్రివేళ బండిబాడుగయే ప్రథమవిఘ్నము. కావున దాతలు మన సంఘమున నొక ప్రయాణనిధిని నెలకొల్పవలెనని ప్రార్థించుచున్నాము. అన్నదానము, విద్యాదానము నెఱిగిన మనము ప్రాణదానమునకు వెనుదీయరాదు.

మెడలోని గడ్డ మూడు వారములకును తగ్గనిచో దాచకుడు, వైద్యునకు జూపుడు. పొగాకును విడువుడు.